మొదటి పేరు

"నా పేరు కింద ఎందుకుందమ్మాయ్?" అన్నారు హెడ్డుగారు, పరిశోధన పేపర్ మొదటి పేజీ మీద వేలు పెట్టి.

పాలనాశాస్త్రం డిపార్ట్‌మెంటులో ఆయన గది అది. ఆయన పేరుతో వచ్చిన పేపర్లన్నీ పేర్చితే కిటికీ మూసుకుపోతుంది. వాటిలో ఏముందని మాత్రం ఆయన్ని అడగకూడదు.

ఎదురుగా నిలబడ్డ రీసెర్చి అమ్మాయి గొంతు సవరించుకుంది. "రాసింది నేను కదా సార్... వచ్చే నెల లెక్చరర్ పోస్టుకి ఇంటర్వ్యూ. అభ్యర్థి పేరు ముందున్న పేపర్ ఒక్కటైనా ఉండాలంటున్నారు."

"నువ్వు నా కూతురులాంటి దానివి. నాకు పేరొస్తే నీకొచ్చినట్టు కాదూ? పైకెక్కించు."

అమ్మాయికి ఒళ్లు మండింది. కానీ ఆయన సంతకం లేనిదే డిగ్రీ చేతికి రాదు. పేర్ల వరుస మార్చింది.

"పోనీ, ఒక్కసారి చదివి చూడండి సార్. చివరి పేజీ అయినా."

"చూసేదేముంది! రచయితలు కలిసి పనిచేయడం గురించే కదా? రేపు సెమినార్లో నేనే చదువుతాను. అయిపోగానే అధ్యక్షురాలు 'పేర్లు ఈ వరుసలోనే అచ్చేయమంటారా' అని అడుగుతుంది. నేను ఊఁ అంటాను. పత్రికకి వెళ్లిపోతుంది. ఆనవాయితీ."

"అది కాదు సార్, అందులో..."

"ఇంకేం చెప్పకు. వెళ్లి నిద్రపో."

మర్నాడు హాలు కిటకిటలాడింది. అమ్మాయి వెనక వరుసలో ఓ మూల కూర్చుంది. లేచి పారిపోదామా అనిపించింది.

హెడ్డుగారు ఖంగుమనే గొంతుతో చదువుతున్నారు. ప్రతి అక్షరం తానే చెక్కినట్టు చేతులు ఊపుతున్నారు.

"మన శాస్త్రంలో కలిసి రాసిన పేపర్లు ఏటికేడు పెరుగుతున్నాయి!"

చప్పట్లు మోగాయి. ఆయనకు హుషారు పెరిగింది.

"అయితే వాటిని రాసినవాళ్లందరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగాం. తేలిందేమిటంటే, మొదటి పేరు గల పెద్దమనిషి..."

పేజీ అక్కడితో అయిపోయింది. సభంతా చెవులు రిక్కించింది. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, తాపీగా చివరి పేజీకి తిప్పారు.

"...చాలాసార్లు ఆ పేపర్‌ని మొట్టమొదట చదివేది వేదిక మీదే!"

హాలంతా గొల్లున నవ్వింది. అధ్యక్షురాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎందుకు నవ్వుతున్నారో అర్థంకాక హెడ్డుగారు ఆ వాక్యాన్ని మళ్లీ లోలోపల చదువుకున్నారు. ఈసారి అర్థమైంది. చెవులు ఎర్రబడ్డాయి. కళ్లు వెనక వరుసలోకి వెళ్లాయి. అమ్మాయికి పైప్రాణాలు పైనే పోయాయి. డిగ్రీ గంగలో కలిసిందనుకుంది.

అధ్యక్షురాలు కళ్లు తుడుచుకుని మైకు అందుకుంది.

"ఆనవాయితీ కాబట్టి అడుగుతున్నాను సార్. పేర్లు ఈ వరుసలోనే అచ్చేయమంటారా?"

హెడ్డుగారు చేతిలో కాగితాల వైపు, అమ్మాయి వైపు చూశారు. చివరికి ఆయనకే నవ్వు ఆగలేదు.

"ఆ అమ్మాయి పేరే ముందు వేయండి మేడమ్. నేనింకా పేపర్ చదవాలి!"