అత్తగారి బండ

"మానెయ్యరా ఇంక. నీ వల్ల కాదు," అంది అక్క.

బూట్లు వేసుకోవాలా, మళ్ళీ ముసుగు తన్నాలా అని మంచం అంచున ఊగిసలాడుతున్న తమ్ముడు దిగ్గున లేచాడు.

"నా వల్ల కాదా?"

"మూడుసార్లు పడ్డావు. మోచెయ్యి ఒకసారి, బండి రెండుసార్లు విరగ్గొట్టుకున్నావు. చాలదూ? హాయిగా మీ బావ కొట్లో కూర్చుని టైర్లకు గాలి కొట్టుకో."

"అలాగే! ఇవాళ పడ్డానంటే బండి మీ గుమ్మంలో పడేసి, రేపట్నుంచి గాలే కొట్టుకుంటా. ఎక్కానంటే మాత్రం ఈ జన్మలో నువ్వు నాకు ఒక్క మాట చెప్పకూడదు. సరేనా?"

"ఎక్కినప్పటి సంగతి కదా," అంది అక్క, వాడి హెల్మెట్ అద్దం తుడుస్తూ.

తుడిచిన హెల్మెట్‌ను ఆమె చేతిలోంచి లాక్కున్నాడు.

దారి పొడుగునా అక్కాతమ్ముళ్ళు చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. వ్యాను నడుపుతున్న బావ అద్దంలో వాణ్ణి ఒకసారి, పక్కనున్న భార్యను ఒకసారి చూసి, గేరు మార్చాడు.

పాత క్వారీ వెనక ఉంది ఆ బండ. మూడంతస్తుల ఎత్తు. కింద నిలబడి కొస చూడబోతే టోపీ జారిపడేంత వాలు. సగం దాటాక మోకాలెత్తున ఒక రాతి మెట్టు. ఎవరెంత కష్టపడ్డా మెచ్చదు కనుక బైకుల వాళ్ళు దానికి 'అత్తగారు' అని పేరు పెట్టారు. ఇంతవరకు ఆ అత్తగారిని మెప్పించిన కోడలు ఒక్కతే. అక్క. మోకాలు దెబ్బతిని ఆమె బండి వదిలేసి ఏళ్ళు గడిచినా ఆ మాట ఎవరూ మరిచిపోలేదు. తమ్ముణ్ణి మరవనివ్వనూ లేదు.

అక్కడ ఎవరూ ఒంటరిగా ఎక్కకూడదు. కింద ఒకరు నిలబడి మైకులో దారి చెప్పాలి. ఆ మాటలు హెల్మెట్ లోపల, చెవి దగ్గర వినిపిస్తాయి. అది అక్కడి కట్టుబాటు. ఆ దారి తెలిసిన మనిషి మళ్ళీ అక్కే. అదీ వాడి ఖర్మ.

మూడుసార్లూ ఆమె అరుపుల వల్లే పడ్డానని తమ్ముడి నమ్మకం. 'ఎడమకి పోరా, ఎడమకి!' అని ఒకసారి. ఆమె తొక్కిన దారి నాకెందుకని కుడికి తిప్పాడు. నాచు మీద జారాడు. 'లేచి నిలబడు!' అని ఒకసారి. 'వేగం తగ్గించకు!' అని ఇంకోసారి. చెవిలో జోరీగలా ఆ రొద ఏమిటి? మనిషన్నవాడు బండి నడుపుతాడా, తగువు పడతాడా?

బావ వంగి చక్రాల్లో గాలి కొంచెం తీశాడు, రాతిని బాగా పట్టుకుంటాయని. అక్క దగ్గరికొచ్చి హెల్మెట్ పట్టీ కింద వేలు దూర్చి బిగువు చూసింది. ఆ చేతిని విసిరికొట్టాడు వాడు.

"కిందికి బండితో కలిసి వస్తావా, విడివిడిగా వస్తారా?" అంది అక్క.

"పైనుంచి చూస్తా నీ మొహం!"

బండి గర్జించింది. రెండు క్వింటాళ్ళ ఇనుము రాతి మీదికి దూకింది.

"కుడికి పో! కుడికే!" చెవిలో అక్క.

కుడికా? ఆ నాచు సంగతి వాడి వీపు ఇంకా మరిచిపోలేదు. ఆమెకు మాత్రం తెలీదా? ఎడమకి తిప్పాడు.

"కూర్చోరా సీటు మీద!"

ఇంత వాలులో కూర్చుంటే ముందు చక్రం లేచి బండి వెనక్కి పల్టీ కొడుతుందని నిన్న నేర్చినవాడికీ తెలుసు. అప్పుడు వెలిగింది తమ్ముడికి. కావాలనే చెబుతోంది! తన పేరు పక్కన ఇంకో పేరు రాకూడదు. తోడబుట్టినవాడిదైనా సరే.

ఒళ్ళు భగ్గుమంది. పాదాల మీద నిటారుగా లేచాడు. ఛాతీని హ్యాండిల్ మీదికి వంచాడు.

మెట్టు వచ్చేసింది.

"తగ్గించు! బ్రేకెయ్యరా, బ్రేకు!"

"నోర్ముయ్యవే!" అని యాక్సిలరేటర్ ఇంకాస్త మెలిపెట్టాడు.

ముందు చక్రం మెట్టెక్కింది. వెనక చక్రం రాతిని గీరింది, అరిచింది, కాలిన రబ్బరు వాసన కొట్టింది. ఒక్క క్షణం ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ లేదు. తర్వాత కాళ్ళ కింద చదును.

ఎక్కేశాడు.

ఇంజను ఆపాడు. సంతోషం రావలసిన చోటికి కోపమే వచ్చింది. ఇంతకాలం అమ్మ తర్వాత అమ్మ అనుకున్న మనిషి! నడుము విరిగి మంచాన పడినా పరవాలేదనుకుందా? మళ్ళీ ఈమె గడప తొక్కితే ఒట్టు. ఆ మాట ఆమె మొహాన్నే అనాలని మైకు నోటి దగ్గరికి లాక్కున్నాడు.

ఈలోగా చెవిలో బావ గొంతు వినపడింది. కింద మైకు కట్టెయ్యడం మరిచిపోయినట్టున్నారు.

"ఏమిటే ఆ చెప్పడం? కుడికి పో, కూర్చో, బ్రేకెయ్యి... నాకు గుండె ఆగినంత పనైంది. వాడు ఖర్మ కాలి నీ మాట వినుంటే?"

అక్క ముక్కు ఎగబీల్చింది.

"వాడు నా మాట వినడమా... మూడుసార్లు అన్నీ సరిగ్గా చెప్పి వాణ్ణి నేనే పడగొట్టానండీ, అందుకే ఈసారి పొద్దున్న 'మానెయ్' అన్న దగ్గర్నుంచీ ప్రతి మాటా తిరగేసి చెప్పాను."