మోకాలి గుజ్జు గది

ఫ్రీజర్ పొద్దుటి నుంచి కుయ్యోమంటోంది.

మైనస్ ఎనభై డిగ్రీలు ఉండాల్సిన చోట మైనస్ అరవై చూపిస్తోంది. లోపల నాలుగేళ్ల కష్టం ఉంది. పరిశోధకురాలికి కాలూచెయ్యీ ఆడటం లేదు.

మెకానిక్‌కి ఆరుసార్లు ఫోన్ చేసింది. ఆరుసార్లూ “దారిలో ఉన్నా మేడం” అన్నాడు.

అంతలో గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. అరవై దాటిన మనిషి.

“మోకాళ్ల ముక్కలు దాచేది ఇక్కడేనామ్మా?”

“ఇక్కడే! వచ్చారా బాబాయ్ గారూ, రండి రండి!”

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆమె చెప్పనిస్తేగా! తీసుకెళ్లి ఫ్రీజర్ ముందు నిలబెట్టింది.

ఆయన చెవి ఆనించి విన్నాడు. “గాలాడకపోతే బస్సు ఇంజనూ ఇలాగే మూలుగుతుంది.”

స్టూలు వేయించుకుని కూర్చుని, కింది జాలీ ఊడదీశాడు. వేలెడు మందాన దుమ్ము.

దులుపుతూ అడిగాడు. “ఇంతకీ ఆ ముక్కలతో ఏం చేస్తారమ్మా?”

“మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందంటారే, అదే మృదులాస్థి. అందులో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో, ఏవి పడుకున్నాయో చూస్తాం.”

“ఏమైనా తేలిందా?”

ఆమె మొహం వెలిగిపోయింది. “తేలింది! అరిగిన కీళ్లలో ఆ జన్యువులు ఎక్కడెక్కడివో విడివిడిగా మేలుకోవట్లేదు. ఒకే వరుసలో పక్కపక్కనున్నవి, వీధి వీధంతా కలిసి మేలుకుంటున్నాయి. వాటిని లేపేదేదో దొరికిందా, అరగకముందే మందు వెయ్యొచ్చు!”

“ఎవరిచ్చారమ్మా ఈ ముక్కలన్నీ?”

“మోకాళ్ల ఆపరేషన్లలో తీసినవి కీళ్ల డాక్టరుగారు పంపిస్తారు. మాకు నంబర్లే తెలుసు. మనుషులు కనిపిస్తే కాళ్లకి దణ్ణం పెట్టేదాన్ని.”

“కాళ్లకెందుకులే! అవి బాగుంటే అసలు ఇచ్చేవాళ్లా?”

ఇద్దరూ పగలబడి నవ్వారు.

జాలీ బిగించాడు. మూలుగు ఆగింది. మైనస్ అరవై ఒకటి. అరవై రెండు. అరవై మూడు.

ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. “కాఫీ తాగి వెళ్లండి.”

“బస్సు వేళయింది. చల్లగా ఉండండమ్మా, నువ్వూ నీ ఫ్రీజరూ!”

అరగంట తర్వాత పనిముట్ల సంచీతో ఒకతను రొప్పుతూ వచ్చాడు. “సారీ మేడం, ట్రాఫిక్. ఏదీ ఫ్రీజర్?”

ఆమె నోరు తెరిచింది. “మరి... ఇందాక వచ్చిందెవరు?”

బల్ల మీద ఫోన్ మోగింది. కీళ్ల డాక్టరుగారు.

“ఏమ్మా, మీకు మొట్టమొదటి గుజ్జు ముక్క ఇచ్చినాయన, అదెలా ఉందో ఓసారి చూసుకుంటానంటే మీ గదికి పంపాను, చూపించావా?”