వేరు పొయ్యి

“మీదొకటే పొయ్యి. ఒక పొయ్యికి ఒకటే పింఛను. నడువుండ్రి!” మండలాఫీసులో గుమస్తా కసిరాడు.

“రెండు పొయ్యిలు సార్. నాకు, నా కోడలికి పడదు,” అంది అండాలు.

“నాటకాలాడకుండ్రి.”

వచ్చే దారిలో ఇద్దరూ అనుకున్నట్టే కోడలు నిరోష అత్త మీదికి లేచింది. “గీమెతోటి తింటనా? కూరల ఉప్పెక్కువైతే ఊరంత చాటుతది!”

గుమస్తా నవ్వాడు.

ఆ తర్వాతి మాటలు దారిలో అనుకున్నవి కావు.

“నా మొగనికి జరమొస్తె దవాఖానకు తీస్కపోదామని గీమె కాళ్లు మొక్కిన సార్. తాయెత్తు కడితే తగ్గుతదని ఆపింది. తెల్లారేసరికి పోయిండు. గీమె వండింది నాకెట్ల దిగుతది?”

గుమస్తా నవ్వు ఆగిపోయింది. తలెత్తకుండా ఇద్దరి కాగితాల మీదా ముద్ర కొట్టాడు.

మెట్లు దిగాక నిరోష కొంగుతో ముఖం తుడుచుకుని నవ్వబోయింది. “నమ్మిండు అత్తమ్మా! పా, ఇంటికి పోయి ఇద్దరం ఇంత తిందాం.”

అండాలు కోడలి వైపు చూడలేదు. రోడ్డు పక్కన వంగి, రాళ్లు ఏరి ఒళ్లో వేసుకుంటోంది.

“గివెందుకు?”

“పొయ్యికి.”