బయట గడియ

టక్కున గది తలుపుకి బయట గడియ పడింది. కొడుకు చొక్కా చేతిలో అలాగే పట్టుకుని తల్లి బిగుసుకుపోయింది.

ఈ వేళప్పుడు ఆ ఇంట్లో పురుగు కూడా ఉండకూడదు. నలుగురు కుర్రాళ్ళు కలిసి ఉంటున్న ఇల్లు అది. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల నెమ్మదించిన వాళ్ళయినా, నలుగురూ పొద్దున్నే తలా ఒక పనిలోకి వెళ్ళిపోతారు. ఆవిడ కొడుకు ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడతాడు. సాయంత్రం దాకా రాడు. ఆ ధీమాతోనే ఆవిడ మారుతాళం చేయించుకుని, రోజూ దర్జాగా లోపలికొస్తోంది.

వచ్చి చేసే ఘనకార్యం ఏమిటంటే, వాడి పక్క మళ్ళీ సర్దడం, రేపటి చొక్కాకి కింది గుండీలన్నీ పెట్టేసి, తల దూర్చుకుంటే చాలన్నట్టు తయారుగా ఉంచడం. కొడుకు పిలిస్తే తప్ప కన్నవాళ్ళయినా రాకూడదని, ఆ ఇల్లు నడిపేవాళ్ళు చేర్చుకున్న రోజే చెప్పారు. వాడు చేరి మూడు నెలలైంది. ఒక్కసారి కూడా పిలవలేదు. ఆ బాధ ఆవిడ ఎవరితోనూ చెప్పుకోలేదు. ఇప్పుడు అడ్డంగా దొరికితే ఇక ఈ గడప తొక్కనివ్వరు.

“హలో, పోలీసులాండీ?”

కొడుకు గొంతు! ఫోన్ మోగితేనే మంచం కింద దూరేవాడు, వీడు ఫోన్ చేయడమేమిటి?

“మా ఇంట్లోకి ఒకరు వచ్చారండీ. మేం రమ్మనలేదు. నా గదిలో ఉన్నారు. బయట గడియ పెట్టాను. అడ్రసు రాసుకోండి.”

అడ్రసు పొల్లుపోకుండా చెప్పాడు. పక్క సందులో మలుపు కూడా చెప్పాడు. తర్వాత మాట్లాడుతూనే వీధి గుమ్మం వైపు వెళ్ళిపోయాడు. ఇక మాటలు వినిపించలేదు.

ఒక్క నిమిషం ఆవిడ భయం మరిచిపోయి పొంగిపోయింది. అంతలోనే వచ్చేది పోలీసులని గుర్తొచ్చింది. కిటికీ చూసింది, ఊచలున్నాయి. మంచం కింద చూసింది, ఈ మోకాళ్ళతో దూరడం జరిగే పని కాదు. తలుపు కొట్టి “నేనేరా” అందామని చెయ్యెత్తి, మళ్ళీ దించేసింది. పోలీసుల మధ్యలోంచి తను నడిచి వెళ్తుంటే ఆ వెర్రినాన్న ఏమైపోతాడు? “దొంగనుకుని అమ్మనే పట్టించాడట” అని ఊరంతా నవ్వదూ!

వీధి తలుపు దడాలున తెరుచుకుంది. లాండ్రీలో వాడికి పని నేర్పే కోచ్ అమ్మాయి ఆయాసపడుతూ వచ్చింది.

“నువ్వు ఫోన్ చెయ్యగానే పరిగెత్తుకొచ్చాను. నువ్వు గదిలోకి వెళ్ళలేదు కదా?”

“లేదక్కా. నువ్వు నేర్పినట్టే చేశాను. గడియ పెట్టాను. ముందు నీకు, తర్వాత పోలీసులకి చేశాను.”

“శభాష్! అసలు ఈ టైములో ఇంటికెందుకొచ్చావ్?”

“సూపర్‌వైజర్‌ని అడిగి వచ్చాను. రోజూ ఇలాగే అవుతోందక్కా.”

“రోజూనా! ఏమేం పోయాయి?”

“ఏం పోలేదు. గుండీలు పెట్టేస్తున్నారు.”

“ఏంటీ?”

“నా చొక్కాకి. మర్నాటి చొక్కాకి అన్నీ విప్పి పెట్టి వెళ్తాను. పొద్దున నేనే పెట్టుకోవాలని. సాయంత్రం వచ్చేసరికి పెట్టేసి ఉంటాయి. దుప్పటి కూడా నేను మడత పెడితే, విప్పి మళ్ళీ మడత పెడుతున్నారు. ఆస్పత్రిలో నా మడత బావుందనే అంటారు కదక్కా?”

“బావుంటుందిరా. చాలా బావుంటుంది,” అంది కోచ్. ఆ అమ్మాయికి ఏమీ అంతుపట్టినట్టు లేదు.

తలుపుకి ఇవతల తల్లికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. దుప్పట్లు మడతపెట్టి, గుండీలు పెట్టి పోయే దొంగ లోకంలో ఎక్కడైనా ఉంటాడా? ఆ మాత్రం కూడా తట్టలేదు పిచ్చి సన్నాసికి! ఇందుకే కదా, వీణ్ణి ఒంటరిగా వదలలేనని తను నెత్తీ నోరూ కొట్టుకున్నది.

వీధిలో జీపు ఆగింది. ఇక లాభం లేదనుకుని ఆవిడ తలుపుకి నోరానించింది.

“అమ్మాయ్! నేనమ్మా... వాళ్ళమ్మని!”

తలుపు దగ్గరికి పరుగున అడుగులొచ్చాయి.

“ఆంటీ, మీరా?” కోచ్ గొంతు కీచుమంది. “లోపలేం చేస్తున్నారు మీరు?”

“అన్నీ చెప్తాను, ముందు గడియ తియ్యి తల్లీ. ఏదో పొరపాటు జరిగిందని చెప్పి పోలీసుల్ని పంపించెయ్యి. వాణ్ణి మాత్రం ఒక్క మాట అనకండి. వాడికేం తెలుసు పాపం, ఎవరో దొంగనుకున్నాడు!”

గడియ సగం జరిగిన చప్పుడైంది. వెంటనే మళ్ళీ గట్టిగా బిగుసుకుంది.

“తియ్యకక్కా,” అన్నాడు కొడుకు. గొంతులో కోపం లేదు, కంగారు లేదు. “దొంగ అని నేను వాళ్ళకి చెప్పలేదు. మా అమ్మ అనే చెప్పాను.”