తెల్ల కాగితం మీద నారింజ రంగు

దావూద్ పాళీని సీసాలో ముంచి తెల్ల కాగితం మీద ఒక గీత గీశాడు.

అప్పుడే ఒలిచిన కమలాపండు తొక్కలా మెరిసింది గీత.

"మదీనా! ఓసారిలా రా," అని భార్యను కేకేశాడు.

మదీనా బీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అబ్బో! కళ్ళు జిగేల్మంటన్నాయి."

ఆ వారంలో దావూద్ నవ్వడం అదే మొదటిసారి.

అది తొంభై ఆరో సంవత్సరం. పాతపట్నంలో తండ్రి పెట్టిన ఇంకు వ్యాపారం, జనం బాల్ పెన్నులకు మళ్ళాక మూలపడింది. సోమవారం ఈ ఆర్డరు రాకపోతే సీసాలు సర్దేసి బావమరిది చెప్పుల కొట్లో కూర్చోవాల్సిందే.

ఆర్డరిస్తామన్నది హార్బరులో ఓడలకు ఐరన్ ఓర్, అంటే ఇనప ఖనిజం, ఎక్కించే కంపెనీ. అక్కడ ఎర్ర ఇంకు ఆఫీసర్లది, పచ్చ ఇంకు ఆడిటర్లది. గుమాస్తాలు దిద్దుకోవడానికి నారింజ రంగు కావాలట.

అందుకే మూడు రోజులుగా రంగులు కలిపి ఇది తయారుచేసిన దావూద్, ఇప్పుడు దాన్ని పరీక్షకు పెట్టాడు. పాళీ ఎత్తకుండా పేజీ నిండా రాశాడు, ఎక్కడా ఆగలేదు. వేలితో రుద్దాడు, అలుక్కుపోలేదు. కాగితం తిప్పి చూశాడు, వెనక్కి దిగలేదు.

"మంచి రంగేనండి," అంది గుమ్మంలో ఒక గొంతు.

యాభై దాటిన పొడుగాటి మనిషి. చేతిలో గొడుగు ఉంది.

"ఇంకు కావాలాండీ?"

"లేదండి. ఓపాలి రాసి సూడొచ్చా?"

దావూద్ తెల్ల కాగితం ఇవ్వబోయాడు. ఆయన వద్దని, జేబులోంచి ఒక మడత కాగితం తీశాడు. అది ఎర్రటి దుమ్ము పట్టి ఉంది. దాని మీద నాలుగు అంకెలు వేసి ముందుకు జరిపాడు.

"సదవండి."

దావూద్ కళ్ళు చికిలించాడు. అంకె ఏదో మట్టి ఏదో తెలియలేదు.

"ఇంత మాసిన కాయితం మీద ఎవుడు రాత్తాడండి?"

"ఈ ఊళ్ళో ఏ కాయితం తెల్లగుంటాదండి? ఇంకాస్త ముదురు సెయ్యండి. రేపు ఇలాటివే మరో నాలుగు అట్టుకొత్తాను. ఇద్దరం కూకుని సూద్దాం."

"ఇంతకీ మీరెవరు?"

ఆయన తడబడ్డాడు. "అది నాను సెప్పకూడదండి."

బాల్ పెన్నుల వాళ్ళు పంపారేమోనని దావూద్‌కు అనుమానం వచ్చింది.

ఇంతలో మదీనా బీ టీ గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన కంగారుగా లేచి నిలబడ్డాడు.

"వద్దమ్మా. ఈ ఇంట్లో నాను మంచినీళ్ళు కూడా ముట్టకూడదు."

మదీనా బీ ముఖం చిన్నబోయింది. ఆ ముఖం చూసి దావూద్‌కు ఒళ్ళు మండిపోయింది.

"మా నీళ్ళు ముట్టనోడివి మా ఇంకెందుకు ముట్టావు? నడు బయటికి!"

ఆయన ఎర్ర దుమ్ము కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు.

సోమవారం కంపెనీ ఆఫీసులో వీరేంద్ర అనే కుర్ర ఆఫీసరు సీసా మూత తీసి, "భలే ఉందే!" అన్నాడు.

దావూద్‌కు ప్రాణం లేచొచ్చింది.

వీరేంద్ర హార్బరు నుంచి వచ్చిన లెక్కల పుస్తకం తెరిచాడు. ఓర్ దుమ్ముతో పేజీలన్నీ ఎర్రబారి ఉన్నాయి. ఒక మాట రాశాడు. వంగి చూశాడు. కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూశాడు.

"కనపడట్లేదండీ."

"రెండ్రోజులు టైమివ్వండి బాబూ. ముదురు సేసి తెత్తాను."

"ఇవాళే ఆఖరు. ఇక బాల్ పెన్నులే కొంటాం."

దావూద్ సీసా చేతిలోకి తీసుకున్నాడు. ఏడుపొచ్చినంత పనయింది.

"తప్పు నాదేనండి. మొన్న శుక్రవారం ఒకాయన ఇలాటి కాయితమే తెచ్చి సూపించాడు. నానే ఇనకుండా పొమ్మన్నాను."

వీరేంద్ర చప్పున తలెత్తాడు. "పొడుగ్గా, గొడుగు పట్టుకుని ఉంటారా?"

"అవునండి."

"సన్యాసిరాజు గారు! ఈ పుస్తకం రాసే గుమాస్తా ఆయనే. సరుకు ఎవరి దగ్గర కొనాలో చెప్పినవాళ్ళు ఆ గడప తొక్కకూడదు, అక్కడ మంచినీళ్ళు కూడా ముట్టకూడదని ఇక్కడ రూలు. తెలిస్తే ఉద్యోగం పోయేది. అయినా వచ్చారా!"

దావూద్‌కు సిగ్గుతో తల వాలిపోయింది.

"ఆయన్ని ఓపాలి పిలవండి బాబూ. కాళ్ళట్టుకుంటాను."

"శనివారం రిటైరయ్యారండి. ఆ సాయంత్రమే ఇల్లు ఖాళీ చేసి, పద్మనాభం అవతల ఏదో ఊరికి వెళ్ళిపోయారు."

దావూద్ సీసాకు మూత పెట్టాడు. వీరేంద్ర పుస్తకం మూసి, మెల్లగా అన్నాడు.

"మేమంతా బాల్ పెన్నులు కొందామంటుంటే, మీ నాన్నగారి ఇంకుతో రాసిన ముప్పై ఏళ్ళనాటి పుస్తకం బల్ల మీద పెట్టి, ఆ ఇంటి ఇంకే కావాలని ఆర్నెల్లు మాతో పోట్లాడింది ఆయనొక్కరే."