మూలన పిచ్చుక

"ఇది కొనకమ్మా."

కంప్యూటర్ షాపులో కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టె అందుకోబోతున్న ఆమె పక్కకు చూసింది. కాలరు చిరిగిన చొక్కాతో ఒక పెద్దాయన షాపు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

ఆమె పిల్లల పాఠాలకు బొమ్మల సినిమాలు చేస్తుంది. వాటిలో ఆమె పేరు వెయ్యరు. అందుకే ప్రతి సినిమాలో ఏదో ఒక మూల చిన్న నత్తను గీసి దాచిపెడుతుంది. అదే ఆమె సంతకం.

ఆరేళ్లుగా కంప్యూటర్లో ఆ బొమ్మల పనంతా మోసిన పాత కార్డు ఈమధ్య పది నిమిషాలకే వేడెక్కి ఆగిపోతోంది. సోమవారానికి అడవి సినిమా ఇవ్వకపోతే కంపెనీ ఇంకొకరిని చూసుకుంటుంది. ఆమెకు వాదించే ఓపిక కూడా లేదు.

పెద్దాయన వదల్లేదు. కొత్తదానికి వేగం ఉందిగానీ మెమరీ తక్కువని, పెద్ద సీన్లు అందులో పట్టవని, ధరలో సగం ముందుముందు ఏదో చేస్తుందన్న ఆశకే వేశారని చెప్పాడు. పాతది ఏ కార్డని అడిగాడు. ఆమె చెప్పగానే ఆయన ముఖం వెలిగింది.

"దానికింకా మూడేళ్ల ఆయుష్షుందమ్మా. లోపల వేడిని లాగే పేస్టు ఎండిపోయుంటుంది, అంతే. తీసుకురా, అరగంటలో బాగుచేస్తాను."

"మీకెలా తెలుసు?"

"దాన్ని నేనెరుగుదును."

పాత కార్డు కాజేసే ఎత్తు అనుకుంది ఆమె. ఇలాంటివాళ్లను లోపలికెందుకు రానిస్తారని షాపు ఓనరు మీద విసుక్కుంది.

ఓనరు ముఖం చిన్నబుచ్చుకుని, పెద్దాయన వెళ్లేందుకు తలుపు తెరిచి పట్టుకున్నాడు. పెద్దాయన ఒక కాగితం మీద ఏదో రాసి ఆమె ముందు పెట్టి వెళ్లిపోయాడు.

నెల రోజులు పని మానేసి హాయిగా పడుకోవాలని దాచుకున్న డబ్బంతా ఆ పెట్టెకే పోయింది.

ఇంట్లో కొత్త కార్డు పది చెట్లను చకచకా నడిపింది. అడవి మొత్తం పెట్టేసరికి మెమరీ చాలదంటూ ఆగిపోయింది. మూడు రోజులు తంటాలు పడినా అంతే. విప్పిన పెట్టెను షాపు వెనక్కి తీసుకోదు.

ఆదివారం పొద్దున, బిల్లుతోపాటు సంచిలో పడేసిన ఆ కాగితం తీసింది. ఏ స్క్రూ విప్పాలో, పేస్టు ఎంత రాయాలో వరుసగా రాసి ఉంది. అడుగున, ఒక కాలెత్తి నిలబడ్డ పిచ్చుక బొమ్మ.

ఆయన్నే పిలుద్దామని షాపుకు ఫోన్ చేసింది.

"ఎవరో, ఎక్కడుంటాడో తెలీదు మేడమ్. రోజూ వచ్చి కూర్చునేవాడు. ఆ రోజు నుంచి మళ్లీ రాలేదు."

చేసేది లేక తనే నాలుగు స్క్రూలు విప్పి, ఆరేళ్లలో మొదటిసారి పాత కార్డు కవరు ఎత్తింది. ఎండిన పేస్టు తుడిచింది.

బోర్డు మీద, ఎవరికీ కనపడని ఒక మూల, ఫ్యాక్టరీలోనే అచ్చు వేసిన తెల్లటి గీతల్లో పిచ్చుక ఉంది. ఒక కాలెత్తి నిలబడింది.

నత్తను దాచే చేతికి అది ఎవరి సంతకమో ఒకరు చెప్పక్కర్లేదు.

ఇన్నేళ్లూ తనకు అన్నం పెట్టిన కార్డు డిజైన్ గీసిన మనిషినే, తను ఆ స్టూలు మీంచి లేపి పంపించేసింది.