మచ్చ లేని పాట

"హెడ్‌ఫోన్ చేత్తో పట్టుకో తాతా. నీ చెవికి అది నిలవదు."

ఆపరేటర్ మాటకు హాల్లో ఉన్నవాళ్ళు నవ్వారు.

ముసలాయన ఎడమ చెవి సగమే ఉంది. ఆయన హెడ్‌ఫోన్‌ను అరచేత్తో అదిమి పట్టుకున్నాడు.

ఆ గ్రంథాలయంలో పాత సరుకంతా కంప్యూటర్లలోకి ఎక్కిస్తున్నారు. చిరిగిన పటాలు, నాటకాల పోస్టర్లు, ఫొటోలు, మూగ సినిమా రీళ్ళు, టేపులు. ఎవరైనా వచ్చి చూడొచ్చు, వినొచ్చు.

ముసలాయన మాత్రం రోజూ ఒకే పాట అడిగేవాడు.

ఎప్పుడో పాడటం మానేసి, కనిపించకుండా పోయిన గాయకుడి పాట అది. ఆయన ముఖం ఎలా ఉండేదో కూడా ఎవరికీ తెలియదు. ఆ గొంతంటే ఆపరేటర్‌కు ప్రాణం.

ఆ రోజు పాట సగంలోనే ముసలాయన హెడ్‌ఫోన్ తీసేశాడు.

"దగ్గేది బాబూ?" బొంగురు గొంతుతో అడిగాడు.

"ఏ దగ్గు?"

"రెండో చరణం ముందు వెనకనుంచి ఆడమనిషి దగ్గుతుంది."

"ఓ, అదా! తీసిపారేశాను. గరగరలు, దగ్గులు అన్నీ కడిగేశాను. ఇప్పుడు ఒక్క మచ్చ చూపించు!"

"పాతదే పెట్టు."

"చెరిపేశాను. టేపు కూడా పొడిపొడి అయిపోతే చెత్తలో వేశాం."

ముసలాయన బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఇంకెక్కడా లేదా?"

"లోకం మొత్తానికీ ఆ ఒక్క టేపే. ఇంతకీ నువ్వు రోజూ వచ్చేది పాటకా, దగ్గుకా?"

"దగ్గుకే."

హాలంతా గొల్లున నవ్వింది. నవ్వనివాడు ఒక్కడూ లేడు.

"అంత గొప్ప గొంతు పాడుతుంటే దగ్గు వింటావా? పాటంటే ఏంటో తెలుసా నీకు?" ఆపరేటర్ ముఖం ఎర్రబడింది. "దగ్గే కావాలంటే ఆసుపత్రికి పో. కడుపునిండా వినొచ్చు!"

"ఆవిడ మళ్ళీ దగ్గదు బాబూ."

"లే, లే. వెనక జనం ఉన్నారు."

వాచ్‌మన్ వచ్చి, ముసలాయన జబ్బ పట్టుకుని మెట్లు దింపేశాడు.

తర్వాత ఆయన రాలేదు.

"సార్, ఆ సగం చెవి ముసలాయన బస్టాండులో పోయాడట," ఒక పొద్దున వాచ్‌మన్ చెప్పాడు. "నా అన్నవాళ్ళు ఎవరూ రాకపోతే మున్సిపాలిటీ వాళ్ళే కాల్చేశారట."

"పోనీలే. హెడ్‌ఫోన్ తుడిచే పని తప్పింది."

ఆపరేటర్ తల ఎత్తలేదు. ఆ పాట టేపు వచ్చిన పెట్టెను దులుపుతున్నాడు. అడుగున ఒక ఫొటో అతుక్కుని ఉంది. ఒలిచి తీశాడు. మైకు, టేపు రికార్డరు, పాడుతున్న మనిషి!

"దొరికాడు! నా దేవుడు దొరికాడు!" అని కేక పెట్టాడు.

అందరూ మూగారు. ఫొటో తెర మీదికి ఎక్కింది. వెనక గుమ్మంలో, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఒక బక్కపలచని ఆడమనిషి. ముందు, మైకు దగ్గర, పక్కకు తిరిగి పాడుతున్న యువకుడు.

"మరకలన్నీ తుడిచేసి మన గుమ్మంలో పెద్ద ఫొటో కట్టిద్దాం," అంటూ ఆపరేటర్ ఆ ముఖాన్ని పెద్దది చేశాడు.

ఎడమ చెవి దగ్గర ఫొటో చిరిగింది కాబోలనుకుని సరిచేయబోయాడు. ఫొటో చిరగలేదు, చెవే సగం ఉంది.